చేతులు కడగరు, దులుపుకుంటారు

2007 చివర్లో అమెరికా ప్రభుత్వం ఒక మహా ప్రమాదకరమైన ప్రయోగాన్ని అడ్డుకుంది. మనుషుల మీద జరిగే పరిశోధనల్లో రోగుల హక్కులకు కాపలా కాసే ఆఫీసు ఒకటి అక్కడి ఆరోగ్యశాఖ కింద ఉంది. దాని కంట్లో పడ్డ ఈ ప్రయోగంలో కొత్త మందు లేదు, కొత్త సూది లేదు, కత్తి కోత అసలే లేదు. ఉన్నదల్లా ఒక కాగితం. దాని మీద ఐదు పనులు రాసి ఉన్నాయి. పెద్ద సిరలోకి గొట్టం వేసేముందు చేతులు కడుక్కోండి. రోగి చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చెయ్యండి. రోగిని నిలువునా స్టెరైల్ గుడ్డతో కప్పి, మీరు టోపీ, మాస్కు, గౌను, గ్లవుజులు తగిలించుకోండి. వీలైనంతవరకు తొడ దగ్గర వెయ్యకండి. అవసరం తీరిన రోజునే గొట్టం తీసెయ్యండి.

ఇంతటి దారుణాన్ని వంద పైచిలుకు ఐసీయూల్లో, రోగుల సంతకాలైనా తీసుకోకుండా జరిపించేశారట! నిజమే కదా. డాక్టరు చేతులు కడుక్కుంటే రోగికి ఏమవుతుందో ఎవరు చెప్పొచ్చారు? కడుక్కోకపోతే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు. తెలిసినదానికి అనుమతి అక్కర్లేదు.

ఆ కాగితం పీటర్ ప్రొనొవోస్ట్ అనే ఐసీయూ డాక్టరుది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో 2001లో ఆయన దాన్ని తయారుచేసి, డాక్టర్లకు ఇవ్వలేదు. నర్సుల చేతికిచ్చి, నెలరోజులపాటు నోరు మెదపకుండా గమనించమన్నాడు. మూడింట ఒక వంతుకు పైగా రోగుల విషయంలో డాక్టర్లు ఐదింట్లో కనీసం ఒకటి ఎగ్గొట్టారని తేలింది. ఎక్కడో మారుమూల ఆస్పత్రిలో కాదు, ప్రపంచంలోని వైద్యులంతా దండం పెట్టే హాప్కిన్స్‌లో.

ఆ తర్వాత ఆయన చేసిన పనే అసలైనది. ఐదింట్లో ఏది ఎగ్గొట్టినా డాక్టరును అక్కడికక్కడే ఆపే అధికారం నర్సులకు ఇమ్మని యాజమాన్యాన్ని ఒప్పించాడు. గొట్టం వేసిన పది రోజుల్లో ఇన్ఫెక్షన్ సోకే రేటు అంతకుముందు 11 శాతం ఉండేది. ఏడాది తిరిగేసరికి సున్నా.

ఇప్పుడు ప్రపంచమంతా ఆ కాగితాన్ని పొగుడుతుంది. ఫోటోకాపీలు తీసి గోడలకు అంటిస్తుంది. కాగితంలో ఏముందండీ? ఆ ఐదు ముక్కలూ ఏ నర్సింగ్ విద్యార్థినిని అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతుంది. పుస్తకం చూడకుండా చెబుతుంది. పరీక్షలో చెబుతుంది, హాస్టల్లో చెబుతుంది, అమ్మకు ఫోన్ చేసి చెబుతుంది. ఒక్క డాక్టరుకు మాత్రం చెప్పలేదు. మందు కాగితంలో లేదు, ఆ నోరు తెరిపించడంలో ఉంది. సరిగ్గా ఆ మందునే ఎవరూ కొనరు.

హాప్కిన్స్ తర్వాత మిషిగన్ రాష్ట్రం. ఆస్పత్రుల పెద్ద అధికారులను నెలనెలా ఐసీయూల్లోకి నడిపించి చూపిస్తే వాళ్ళకు ఒక ఘనమైన విషయం తెలిసింది: క్లోర్‌హెక్సిడిన్ సబ్బు మూడింట ఒక వంతు ఐసీయూల్లో కూడా లేదు. మంచానికి నాలుగు మానిటర్లున్నాయి, సబ్బు లేదు. 103 ఐసీయూల ఫలితాలు 2006 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ఈ లెక్కలు గొట్టం-రోజుల్లో ఉంటాయి: వంద మందికి పదేసి రోజులు గొట్టం ఉంచితే వెయ్యి గొట్టం-రోజులు. అలా వెయ్యికి మధ్యస్థంగా 2.7 ఉన్న ఇన్ఫెక్షన్లు మూడు నెలల్లో సున్నాకు దిగాయి. మొదటి 18 నెలల్లోనే 1500 మందికి పైగా బతికి బయటపడ్డారని అంచనా.

అప్పుడు లేచింది కాపలా ఆఫీసు. సర్జనూ రచయితా అయిన అటుల్ గవాండే న్యూయార్క్ టైమ్స్‌లో దీని గురించి రాస్తూ బయటపెట్టిన సంగతి ఒకటుంది. ఈ కాగితంవల్ల రోగులకే కాదు, డాక్టర్లకు కూడా ప్రమాదమేనట. ఎవరు చేతులు కడుక్కోవట్లేదో లెక్క బయటపడుతుంది కదా! మన టీవీ చానళ్ళ భాషలో చెప్పాలంటే, డాక్టర్ల మనోభావాలు దెబ్బతింటాయి. గోల పెద్దదయ్యాక, 2008 ఫిబ్రవరిలో ఆఫీసు వెనక్కి తగ్గి చేతులు కడుక్కోవడానికి అనుమతి ప్రసాదించింది.

అమెరికావాళ్ళను చూసి మనం మరీ నవ్వనక్కర్లేదు. మన ఊళ్ళో ఏ ఐసీయూ ముందైనా కాసేపు నిలబడండి. తలుపు బయట చెప్పుల గుట్ట. పేషెంటు తాలూకు మనిషి గడప దాటబోతే సెక్యూరిటీ అతను కసురుతాడు: "ఏయ్, చెప్పులిప్పు!" ఇప్పుతారు. కొక్కేనికి ఒక ఆకుపచ్చ గౌను వేలాడుతుంటుంది. పొద్దుటినుంచి పదిమంది చుట్టాల ఒంటిమీద తిరిగొచ్చిన గౌను. పదకొండో మనిషి దాన్ని తొడుక్కుని పరమ పవిత్రంగా లోపలికెళ్తాడు. పది నిమిషాలకు పెద్ద సార్ రౌండ్స్‌కొస్తారు. వెనక ఆరుగురు. బూట్లతోనే. ఒకటో మంచం దగ్గర పొట్ట నొక్కి, ఫోన్ మాట్లాడి, రెండో మంచం దగ్గర డ్రెస్సింగ్ ఎత్తి చూసి, మళ్ళీ ఫోన్ అందుకుని, మూడో మంచానికి. మంచం పక్కన శానిటైజర్ స్టాండు ఉంది. సీసా కూడా ఉంది. సీసాలో ఏమీ లేదు. పాత అగ్రహారాల మడి మళ్ళీ ఇక్కడే ప్రత్యక్షమవుతుంది. మడి కట్టుకున్నవాళ్ళను మనం తాకకూడదన్నది పైకి చెప్పే నియమం. మడి కట్టుకున్నవాళ్ళు దేన్ని తాకి వచ్చారో మనం అడక్కూడదన్నది అసలు నియమం.

శరీరానికి ప్లాస్టిక్ తగిలించడం ఎందుకు ప్రమాదమో ఒక ముక్క చెప్పుకోవాలి. రక్తంలో తిరిగే సూక్ష్మజీవిని మన తెల్లకణాలు పట్టి మింగగలవు. అదే జీవి గొట్టం గోడకు అతుక్కుంటే చుట్టూ జిగురు కట్టుకుని గుంపుగా కాపురం పెడుతుంది. దాన్నే బయోఫిల్మ్ అంటారు, మనం పాచి అంటాం. పళ్ళమీద ఉండేదీ ఈ జాతిదే. ఆ జిగురు గూట్లోకి తెల్లకణాలు తేలిగ్గా చొరబడలేవు, యాంటీబయాటిక్ కూడా సరిగా ఎక్కదు. పళ్ళనైతే తోముకోవచ్చు. సిరలో ఉన్న గొట్టాన్ని తోమలేం, తీసెయ్యాల్సిందే. అందుకే ఈ రంగంలో జరిగిన పరిశోధన అంతా చివరికి రెండే మాటలకొచ్చి ఆగుతుంది: పెట్టేటప్పుడు శుభ్రంగా పెట్టు, పని అయిపోగానే తియ్యి.

తియ్యాలంటే అది ఉందని గుర్తుండాలి. 2000లో సంజయ్ సెయింట్ బృందం అమెరికా బోధనాసుపత్రుల్లో ఒక అమాయకమైన ప్రశ్న వేసింది: "మీ రోగికి యూరిన్ పైపు ఉందా?" ఉన్నా ఆ సంగతి తెలియనివాళ్ళ లెక్క ఇదీ. వైద్యవిద్యార్థులు 21 శాతం. ఇంటర్న్‌లు, అంటే మన హౌస్‌సర్జన్లు, 22. రెసిడెంట్లు, అంటే మన పీజీలు, 27. అందరి నెత్తినా ఉండే పెద్ద డాక్టర్లు 38. మెట్టు ఎక్కేకొద్దీ పైపు కనపడదన్నమాట. మంచానికి బ్యాగు వేలాడుతోంది, అందులో పచ్చగా ఒంటేలు నిండుతోంది, దాన్ని రాసుకోవడానికి కేస్‌షీట్లో ఒక గడి కూడా ఉంది. 31 శాతం రోగులకు ఆ పైపు అసలు అవసరమే లేదని కూడా తేలింది. అవసరం లేని పైపులే డాక్టర్ల దృష్టిని మరీ ఎక్కువగా తప్పించుకున్నాయి. ఎవరో రాత్రి డ్యూటీలో వేశారు, ఎవరూ తియ్యమనలేదు, తియ్యమనే అధికారం ఉన్నాయనకు అది ఉందనే తెలియదు, ఉందని తెలిసిన సిస్టర్‌కు తీసే అధికారం లేదు.

ఈ చిక్కుముడికి శాస్త్రప్రపంచం ఒక పరిష్కారం కనిపెట్టింది. పైపుకు వెండిపూత! ఆలోచిస్తే ఎంత మర్యాదైన పరిష్కారమో చూడండి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. సిస్టర్ నోరు మెదపనక్కర్లేదు, సార్ వంగి చూడనక్కర్లేదు. పైపు తనంతట తానే సూక్ష్మజీవుల్ని చంపుకుంటుంది. కంపెనీవాళ్ళు సంతోషంగా అమ్మారు, ఆస్పత్రులు సంతోషంగా కొన్నాయి. బ్రిటన్‌లో 24 ఆస్పత్రుల్లో 7102 మంది మీద పరీక్షించి 2012లో లాన్సెట్‌లో ఫలితం వేశారు. మామూలు పైపు వేసినవాళ్ళలో మూత్ర ఇన్ఫెక్షన్ 12.6 శాతం. వెండిపూత పైపు వేసినవాళ్ళలో 12.5. ఆ సున్నా పాయింట్ ఒకటి బహుశా వెండి తరుగు కింద పోయి ఉంటుంది. యాంటీబయాటిక్ పట్టించిన ఇంకో రకం పైపు 10.6 దాకా తగ్గించింది గానీ, రోగులకు మంట పెంచింది. ఆ పాటి తగ్గుదల కోసం అందరికీ అది వెయ్యనక్కర్లేదని పరిశోధకులే తేల్చారు.

పూతలన్నీ బూటకమని అనను, అంటే అబద్ధమవుతుంది. పేస్‌మేకర్ల చుట్టూ చుట్టే యాంటీబయాటిక్ సంచిని దాదాపు ఏడు వేలమంది మీద పరీక్షిస్తే, 2019లో వచ్చిన ఫలితంలో పెద్ద ఇన్ఫెక్షన్లు 1.2 శాతం నుంచి 0.7కు తగ్గాయి. పనిచేసింది. ఒంట్లోనే ఏళ్ళతరబడి ఉండాల్సిన పరికరాన్ని రేపు తీసేస్తామనలేం కాబట్టి అక్కడ అలాంటిది కావాలి కూడా. నా తగువు వేరే. వెంటిలేటర్ మీదున్న మనిషికి తలవైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలని ప్రతి మార్గదర్శకం చెబుతుంది. మంచానికి హ్యాండిల్ ఉంటుంది, తిప్పితే లేస్తుంది. హ్యాండిల్ తిప్పడానికి పేటెంట్ రాదు, కాబట్టి దాని తరఫున ఏ రెప్రజెంటేటివూ బ్యాగు భుజానేసుకుని డాక్టరు గది బయట కూర్చోడు. గోవాలో దానిమీద సదస్సు జరగదు. సబ్బుకు స్పాన్సర్ ఎవరు?

మన లెక్కల సంగతి. ఎయిమ్స్, ఐసీఎంఆర్ వగైరాలు కలిసి నడిపిన ఒక నిఘా వ్యవస్థలో 2017 మే నుంచి 2018 అక్టోబరు దాకా 26 ఆస్పత్రులు, 89 ఐసీయూలు తమ ఇన్ఫెక్షన్లను నిజాయితీగా లెక్కపెట్టుకున్నాయి. నవజాత శిశువుల ఐసీయూల్లో వెయ్యి గొట్టం-రోజులకు 20కి పైగా రక్త ఇన్ఫెక్షన్లు కనిపించాయి. మిషిగన్‌వాళ్ళు 2.7 ఉంటేనే సిగ్గుపడి మొదలుపెట్టారని గుర్తుచేసుకోండి. రక్తంలో దొరికిన క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాలో ఎక్కువభాగం కార్బాపెనెమ్ జాతి పెద్ద యాంటీబయాటిక్‌లకు లొంగలేదు. ఆ 26 ఆస్పత్రులకు నమస్కారం; లెక్కపెట్టడమే మన దగ్గర సాహసం. దేశంలోని మిగతా వేల ఆస్పత్రుల్లో ఎన్నిట్లో అడిగినా ఒకటే జవాబు: "మా దగ్గర జీరో ఇన్ఫెక్షన్ సార్!" ఈ జీరో ఎలా వస్తుందో చెబుతాను. జ్వరం రాగానే రక్తం కల్చర్‌కు పంపరు. ముందు ఆ జాతిదే అయిన మెరొపెనెమ్ మొదలెడతారు. రెండు రోజులకు ఎవరో గుర్తుచేస్తే అప్పుడు పంపుతారు. మందులో మునిగిన రక్తంలో ఏమీ మొలవదు. "నో గ్రోత్" అని రిపోర్టు. రిపోర్టు ఫైల్లోకి, సున్నా రిజిస్టర్లోకి, రిజిస్టర్ అక్రెడిటేషన్ తనిఖీవాళ్ళ ముందుకి. తనిఖీకి ముందు రాత్రి మూడు నెలల చెక్‌లిస్టులు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకే విడతలో టిక్కులు పెట్టుకుంటాయి. మిషిగన్ కాగితం మన దేశానికి వచ్చింది. ఆపమనే హక్కు మాత్రం కస్టమ్స్‌లో ఆగిపోయింది.

లెక్క బయటపెడితే మనకు కోపమెలా వస్తుందో 2010లో చూశాం. మొండి బ్యాక్టీరియాలో ఉండే ఒక ఎంజైముకు శాస్త్రజ్ఞులు న్యూఢిల్లీ పేరు కలిపి ఎన్‌డీఎం-1 అని పెట్టారు. దేశం భగ్గుమంది. బ్యాక్టీరియా మీద కాదు, పేరు మీద. మన మెడికల్ టూరిజాన్ని దెబ్బతీసే కుట్ర అన్నారు, పార్లమెంటులో మాట్లాడారు. చివరికి లాన్సెట్ సంపాదకుడు ఆ పేరు విషయంలో క్షమాపణ చెప్పాడు. బ్యాక్టీరియా చెప్పలేదు.

ఇక సెలైన్ బాటిల్. ఇది అందరం చూసిందే. గట్టి ప్లాస్టిక్ సీసాలోంచి ద్రవం దిగాలంటే లోపలికి గాలి వెళ్ళాలి. సిస్టర్ ఒక సూది తీసి సీసా పైభాగాన పొడుస్తుంది. బుడబుడమని గాలి పోతుంది, సెలైన్ దిగుతుంది. ఆ గాలి వార్డు గాలి. పక్క మంచం దగ్గు, కిటికీ దుమ్ము, పైన ఫ్యాను రెక్కల మీది బూజు, అన్నీ కలిసి తిన్నగా రక్తంలోకి దారి. గాలి అవసరం లేకుండా తనంతట తాను ముడుచుకునే మెత్తని సంచులు ఎప్పటినుంచో ఉన్నాయి. అర్జెంటీనా, బ్రెజిల్, మెక్సికో, ఇటలీల్లోని ఐసీయూలు సీసాల నుంచి ఈ సంచులకు మారితే రక్త ఇన్ఫెక్షన్లు వెయ్యి గొట్టం-రోజులకు 10.1 నుంచి 3.3కు పడ్డాయని 2011లో లెక్కకట్టారు. సంచి కాస్త ఖరీదు. సూది చవక. కొనుగోలు కమిటీకి ఈ రెండు ధరలే కనిపిస్తాయి, ఇన్ఫెక్షన్ ధర వాళ్ళ కాలమ్‌లో ఉండదు.

నవ్వు ఆపేసే చోటు ఒకటుంది. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాస్పత్రిలో ఒక్కరోజు శిబిరంలో 34 మంది ఆడవాళ్ళకు ల్యాప్రోస్కోపుతో కుటుంబనియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. ఇన్ఫెక్షన్ కారణమని తేలింది. బదిలీలయ్యాయి, క్రమశిక్షణ చర్యలన్నారు, పరిహారం ప్రకటించారు. ఒక కూడిక చేసుకుందాం. ల్యాప్రోస్కోపును ఒకరి పొట్టలోంచి తీసి ఇంకొకరి పొట్టలో పెట్టేముందు కడిగి, గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు ముంచి ఉంచాలి. 34 మందికి ఒకటే పరికరమైతే నానడానికే పదకొండు గంటలు దాటుతుంది. రెండైతే ఐదు గంటల నలభై నిమిషాలు. ఎక్కడ ఏ శిబిరం పెట్టినా లక్ష్యం ఇంతమంది అని పైనుంచి కాగితం వస్తుంది. పరికరాలు ఎన్ని, నానబెట్టే టైము ఎంత అని కిందనుంచి కాగితం వెళ్ళదు. అలా లెక్క చెప్పి "ఇవాళ్టికి ఇక చాలు సార్" అనగలిగిన స్టాఫ్‌నర్సు ఎవరైనా ఉంటే ఆమె జీతమెంతో, ఆమెది పర్మినెంటో, కాంట్రాక్టో, ఔట్‌సోర్సింగో ముందు కనుక్కోండి. ఆమె నోరు ఎందుకు లేవదో సగం అక్కడే తెలిసిపోతుంది.

మిగతా సగం డబ్బు. 2008 అక్టోబరు నుంచి అమెరికా ప్రభుత్వ బీమా ఒక మాట అంది: మీ ఆస్పత్రిలో వేసిన గొట్టంవల్ల, పైపువల్ల వచ్చిన ఇన్ఫెక్షన్‌కు అదనపు డబ్బు ఇవ్వం. దానివల్ల ఇన్ఫెక్షన్లు తగ్గలేదని తర్వాత పరిశోధనలు చెప్పాయి, అది వేరే సంగతి. కానీ కనీసం బిల్లు ఎవరిదన్న ప్రశ్న అయినా అడిగారు. మన కార్పొరేట్ ఆస్పత్రి డిశ్చార్జి బిల్లు ఎప్పుడైనా చదివారా? ఐసీయూ అదనంగా పన్నెండు రోజులు. వెంటిలేటర్ అద్దె. మెరొపెనెమ్, తర్వాత కొలిస్టిన్, తర్వాత ఫంగస్ మందు. ఇన్ఫెక్షన్ స్పెషలిస్టు విజిట్లు. పాత గొట్టం తీసి కొత్త గొట్టం వేసిన ఛార్జీ. గ్లవుజులు, డబ్బాలకు డబ్బాలు, వేసుకున్నవీ వేసుకోనివీ. గుండెకు వైద్యం చేయించుకోవడానికి వచ్చిన మనిషి, ఆస్పత్రి ఇచ్చిన జబ్బుకు వైద్యం చేయించుకుని, పొలం రాసిచ్చి ఇంటికెళ్తాడు. ఇన్ఫెక్షన్ వస్తే ఆదాయం పెరిగే వ్యాపారంలో ఇన్ఫెక్షన్ తగ్గించే పరిశోధనకు డబ్బెవరు పెడతారు? మంచం దగ్గర కూర్చున్న కొడుకు ధైర్యం చేసి "ఈ పైపు ఇంకా అవసరమా సార్?" అని అడిగితే వచ్చే జవాబు కూడా అందరికీ తెలుసు: "డాక్టరు నువ్వా నేనా?"

అందుకని నేనే ఒక పరిశోధనా ప్రతిపాదన తయారుచేశాను. ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకోవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో కొన్ని ఐసీయూలు తీసుకుంటాం. సగం ఐసీయూల్లో అంతా మామూలే. మిగతా సగంలో ప్రతి షిఫ్టులో ఒక స్టాఫ్‌నర్సుకు సూపరింటెండెంటు సంతకంతో ఒక కాగితం ఇస్తాం: ఈమె ఆపమంటే ప్రొఫెసర్ అయినా ఆగాలి, రోజుకోసారి ప్రతి పైపునూ చూసి, అవసరం రాసి లేకపోతే ఈమే తీసెయ్యొచ్చు, దీనివల్ల ఈమె బదిలీ కాదు, ఉద్యోగం పోదు. ఖర్చు: ఫోటోకాపీలు, సబ్బు. కాలం: మూడు నెలలు చాలని మిషిగన్ చెప్పింది. రోగుల సంతకాలు నేను తెస్తాను, చెప్పుల గుట్ట దగ్గర నిలబడి అడిగితే ఒక్క పూటలో వస్తాయి. సూపరింటెండెంటు సంతకం ఒక్కటే మీరు తెచ్చిపెట్టండి.